కణం శక్తి లెక్కను కాగితం మీద వేసి చూసుకోవడం ఎలా

కణ శ్వాసక్రియ పాఠం మొదలవగానే పిల్లలు పేర్ల మీద పడతారు. సిట్రేట్, ఐసోసిట్రేట్, ఆల్ఫా కీటోగ్లుటరేట్, సక్సినేట్... పరీక్ష దాకా గుర్తుంటాయి, ఆ తర్వాత ఒక్కటీ మిగలదు. ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో తెలియనప్పుడు పేర్లు ఎన్నాళ్లని నిలుస్తాయి? అందుకే నేను బయాలజీ చెప్పేటప్పుడు పేర్లన్నిటినీ చివరికి జరిపేస్తాను. రంగురంగుల చార్టులు కూడా ముందు చూపించను. తెల్ల కాగితం, పెన్సిల్, ఒక ఎర్ర పెన్ను తీయమంటాను. పెన్సిల్‌తో అణువు పేరు, దాని పక్కన ఎర్ర పెన్నుతో ఒక అంకె. ఆ అణువు ఇంకా ఎన్ని ఎలక్ట్రాన్లు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది.

జంతువు తిన్న ఆహారంలోంచి కణానికి దక్కే శక్తి దాదాపు అంతా ఎలక్ట్రాన్ల వెంటే వస్తుంది. వాటిని వదలకుండా వెంబడిస్తే గ్లైకాలసిస్ (గ్లూకోజ్‌ను రెండుగా చీల్చడం), క్రెబ్స్ వలయం (ఆ ముక్కల్ని కార్బన్ డయాక్సైడ్ దాకా తీసుకెళ్లే చక్రం), కొవ్వు, కిణ్వనం (ఆక్సిజన్ లేకుండా చక్కెరను విడగొట్టడం), కిరణజన్య సంయోగక్రియ అన్నీ ఒకే పద్దులోకి వచ్చేస్తాయి. కావలసిందల్లా కూడిక, తీసివేత, చిన్న ఎక్కాలు. చదువుతూ మీరూ పక్కన రాసుకోండి. చేయి కదలకపోతే ఈ పాఠం పట్టుబడదు.

ఎర్ర అంకె వేసే పద్ధతి

ప్రతి కార్బన్‌కూ 4 వేయండి. ప్రతి హైడ్రోజన్‌కూ 1 కలపండి. ప్రతి ఆక్సిజన్‌కూ 2 తీసేయండి. అంతే.

కార్బన్ పూర్తిగా ఆక్సీకరణ చెందితే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అంత దూరం వెళ్లేలోపు అది 4 ఎలక్ట్రాన్లు వదులుకోగలదు. హైడ్రోజన్ ఒకటి వదులుతుంది. ఆక్సిజన్ అప్పటికే అణువులో ఉందంటే రెండు ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుని కూర్చుందన్న మాట. అందుకే వాటిని తీసేస్తున్నాం.

గ్లూకోజ్ చూడండి. 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. 24 కలపండి 12, తీసేయండి 12. ఎర్ర అంకె 24. ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్: 4లోంచి 4 పోతే సున్నా. నీరు: 2లోంచి 2 పోతే సున్నా. ఈ రెండు సున్నాలనూ కాస్త ఆగి చూడమంటాను. శ్వాసక్రియ చివర ఈ రెండే ఎందుకు మిగులుతాయో ఆ సున్నాల్లోనే ఉంది: ఇవ్వడానికి వాటి దగ్గర ఇంకేమీ లేదు. గాలిలోని ఆక్సిజన్ అణువుకు మైనస్ 4 వస్తుంది, అంటే నాలుగు ఎలక్ట్రాన్లు పుచ్చుకోగలదు. 24ను 4తో భాగిస్తే 6. ఒక గ్లూకోజ్‌కు 6 ఆక్సిజన్ అణువులు కావాలన్న సమీకరణాన్ని బట్టీ పట్టనక్కర్లేదు, లెక్కే చెప్పేసింది.

రెండు జాగ్రత్తలు. ఆమ్లాల్ని ఎప్పుడూ ఆవేశం లేని పూర్తి రూపంలోనే రాయండి. పైరువేట్ అని కాకుండా పైరువిక్ ఆమ్లం అని తీసుకుంటే హైడ్రోజన్ల దగ్గర తేడా రాదు. ఫాస్ఫేట్ తగిలించి ఉన్న అణువుల్లో, ఫాస్ఫేట్ తీసేసి అక్కడ నీటిలోని భాగాల్ని పెట్టి లెక్కించండి. ఫాస్ఫారిక్ ఆమ్లం ఎలక్ట్రాన్లు ఇవ్వదు, పుచ్చుకోదు.

శరీరం కొవ్వును ఎందుకు దాచుకుంటుందో ఈ అంకెతోనే తెలుస్తుంది

పాల్మిటిక్ ఆమ్లం తీసుకోండి. 16 కార్బన్లు, 32 హైడ్రోజన్లు, ఆక్సిజన్లు రెండే రెండు. 64 కలపండి 32, తీసేయండి 4. అంకె 92. గ్లూకోజ్‌లో ఒక్కో కార్బన్‌కు 4 ఎలక్ట్రాన్లు వస్తే ఇక్కడ 5.75. బరువు లెక్కన చూస్తే తేడా ఇంకా పెద్దది: 180 గ్రాముల గ్లూకోజ్‌లో 24 మోల్‌ల (మోల్ అంటే అణువుల్ని, ఎలక్ట్రాన్లను లెక్కించే పెద్ద కట్ట) ఎలక్ట్రాన్లుంటే, 256 గ్రాముల పాల్మిటిక్ ఆమ్లంలో 92. గ్రాముకు గ్రాము పోల్చితే రెండున్నర రెట్లు దాటింది. పుస్తకాల్లో కొవ్వుకు గ్రాముకు 37 కిలోజౌళ్లు, పిండిపదార్థాలకు 17 అని ఉంటుంది. ఆ అంకెల వెనక ఉన్న కారణం ఇదే. ఎలక్ట్రాన్ల నిష్పత్తి శక్తి నిష్పత్తి కంటే కొంచెం పెద్దగా కనబడితే కంగారు పడకండి. గ్లూకోజ్‌లోని ఒక్కో ఎలక్ట్రాన్ వెంట కొవ్వు ఎలక్ట్రాన్ కంటే సుమారు పదో వంతు ఎక్కువ శక్తి ఉంటుంది.

పైగా కొవ్వు నీటిని దగ్గరికి రానివ్వదు. గ్లైకోజన్ (శరీరం గ్లూకోజ్‌ను గొలుసులుగా దాచుకునే రూపం) అలా కాదు, గ్రాముకు రెండు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. అందుకే పెద్దవాళ్ల శరీరంలో కాలేయంలో 100 గ్రాముల దాకా, కండరాల్లో 400 గ్రాముల దాకా మాత్రమే గ్లైకోజన్ ఉంటుంది, కొవ్వేమో కిలోల్లో ఉంటుంది. గ్లైకోజన్ గొప్పతనం వేరే చోట ఉంది. దాని శాఖల చివర్ల నుంచి గ్లూకోజ్‌ను వేగంగా విడదీయవచ్చు, ఆక్సిజన్ అందకపోయినా వాడుకోవచ్చు. కొవ్వుతో ఆ పని జరగదు.

92ను 4తో భాగించండి: 23 ఆక్సిజన్లు. బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 16. 16ను 23తో భాగిస్తే 0.70. గ్లూకోజ్‌కు 6 బై 6, అంటే 1. ఊపిరిలో వచ్చే, పోయే వాయువుల్ని కొలిచి శరీరం ఆ క్షణాన కొవ్వును కాల్చుతోందా, చక్కెరనా అని అంచనా వేస్తారు కదా, అక్కడ వాడే శ్వాసక్రియా నిష్పత్తి ఇదే.

గ్లూకోజ్‌ను ముక్కలు చేసుకుంటూ వెళ్లండి

ఇప్పుడు కాగితం పైభాగాన గ్లూకోజ్, 24 అని రాసి, కింద రెండు పైరువిక్ ఆమ్లాలు రాయండి. ఒక్కోదానిలో 3 కార్బన్లు, 4 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లు. 12 కలపండి 4, తీసేయండి 6. అంకె 10. రెండూ కలిపితే 20. మిగతా నాలుగు ఎటు పోయాయి? ఈ ప్రశ్న ప్రతి మెట్టు దగ్గరా అడగాలి. గ్లైకాలసిస్‌లో రెండు ఎన్‌ఏడీహెచ్‌లు (ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే వాహక అణువులు) తయారవుతాయి, ఒక్కోటి రెండు ఎలక్ట్రాన్లు మోస్తుంది. లెక్క సరిపోయింది.

ఆక్సిజన్ లేదనుకోండి. కండరంలో లాక్టిక్ ఆమ్లం వస్తుంది: 3 కార్బన్లు, 6 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లు, అంకె 12. రెండు లాక్టిక్ ఆమ్లాలు, 24. గ్లూకోజ్‌లో ఎంత ఉందో అంతా! ఈస్ట్ చేసే పనికీ ఇదే లెక్క వేయండి. ఇథనాల్‌లో 2 కార్బన్లు, 6 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్: 12. రెండు ఇథనాల్‌లు 24, వెంట వచ్చిన రెండు కార్బన్ డయాక్సైడ్‌లు సున్నా. ఇక్కడా ఒక్క ఎలక్ట్రాన్ బయటికి పోలేదు.

మరి ఎలక్ట్రాన్లే పోకపోతే గ్లైకాలసిస్‌లో కణానికి రెండు ఏటీపీలు (కణం తన పనులకు ఖర్చు పెట్టే శక్తి అణువులు) ఎలా దక్కాయని బుర్రపెట్టి వినే పిల్లలు తప్పకుండా అడుగుతారు. నాకు ఈ పాఠం మొత్తంలో ఇష్టమైన ప్రశ్న ఇది. లాక్టిక్ ఆమ్లాన్ని బొమ్మ గీసి చూడండి. ఒక చివర కార్బాక్సిల్, అక్కడి కార్బన్ బాగా ఆక్సీకరణ చెందింది. రెండో చివర మిథైల్, అక్కడి కార్బన్ క్షయకరణ చెందింది, అంటే ఎలక్ట్రాన్లు దాని దగ్గర ఎక్కువ. గ్లూకోజ్‌లో దాదాపు సమంగా పరుచుకుని ఉన్న ఎలక్ట్రాన్లు ఒక చివర నుంచి ఇంకో చివరకు సర్దుకున్నాయి. ఆ సర్దుబాటులో వెలువడిన కొద్దిపాటి శక్తే ఆ రెండు ఏటీపీలు. అణువు లోపలి సర్దుబాటుతో రెండు, ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అప్పగిస్తే 30కి పైన. ఆక్సిజన్ ఎంత విలువైనదో ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

లాక్టిక్ ఆమ్లం తయారుచేయడం వల్ల ఎన్‌ఏడీహెచ్ ఖాళీ అవుతుంది. కణంలో ఈ వాహకాల నిల్వ చాలా తక్కువ. అవి ఖాళీ కాకపోతే గ్లైకాలసిస్ కాసేపట్లోనే ఆగిపోతుంది. కిణ్వనం ఉన్నది అందుకే.

మళ్లీ ఆక్సిజన్ ఉన్న దారికి రండి. పైరువిక్ ఆమ్లం, 10. ఒక కార్బన్ డయాక్సైడ్ పోయి రెండు కార్బన్ల ఎసిటిక్ భాగం దాన్ని మోసే కోఎంజైమ్-ఏ అనే అణువుకు అతుక్కుంటుంది. ఎసిటిక్ ఆమ్లం అంకె 8. తగ్గిన రెండూ ఒక ఎన్‌ఏడీహెచ్ మీదికెక్కాయి. ఆ 8ని క్రెబ్స్ వలయం సున్నా చేస్తుంది: మూడు ఎన్‌ఏడీహెచ్‌లు, ఒక ఎఫ్‌ఏడీహెచ్2 (ఇది కూడా రెండు ఎలక్ట్రాన్లు మోసే వాహకమే). ఆరు కలపండి రెండు, ఎనిమిది. గ్లూకోజ్ మొత్తానికి కూడితే 10 ఎన్‌ఏడీహెచ్, 2 ఎఫ్‌ఏడీహెచ్2. పన్నెండు జతలు, 24 ఎలక్ట్రాన్లు. పద్దు మూసేశాం.

కాగితాన్ని ఇప్పుడు ఒకసారి పైనుంచి కిందికి చూడండి. ఆరు కార్బన్ డయాక్సైడ్‌లూ బయటికి వచ్చేశాయి. మనం పీల్చిన ఆక్సిజన్ మాత్రం ఇంతవరకూ రంగంలోకి దిగనే లేదు! పీల్చిన ఆక్సిజనే కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి వెళ్తుందని చాలామంది నమ్మకం. కాదు. పీల్చిన ఆక్సిజన్ నీరవుతుంది. కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్ కొంత గ్లూకోజ్‌ది, కొంత మధ్యలో చేరిన నీటిది.

పేర్లు నేర్చుకోవాల్సిన సమయం ఇప్పుడొచ్చింది. 1937లో హాన్స్ క్రెబ్స్ పావురం ఛాతీ కండరంతో పనిచేసి ఈ వలయాన్ని ప్రతిపాదించాడు. అందులో ఎలక్ట్రాన్లు దిగే చోట్లు నాలుగే: ఐసోసిట్రేట్, ఆల్ఫా కీటోగ్లుటరేట్, సక్సినేట్, మాలేట్. ముందు ఈ నాలుగూ నేర్చుకోండి, మిగతావి వాటి మధ్య దారి. సక్సినేట్ దగ్గర మాత్రం ఎన్‌ఏడీ కాకుండా ఎఫ్‌ఏడీ (ఇవి ఆ వాహకాల ఖాళీ రూపాలు) ఎందుకు? ఎలక్ట్రాన్ల ఎత్తును వోల్టుల్లో కొలుస్తారు, అంకె ఎంత తక్కువైతే అంత ఎత్తు. ఆ మెట్టులో ఎలక్ట్రాన్లు సుమారు 0.03 వోల్టుల దగ్గర విడుదలవుతాయి. ఎన్‌ఏడీ ఉన్నది మైనస్ 0.32 దగ్గర. అంత ఎత్తుకు వాటిని ఎక్కించే శక్తి ఆ చర్యలో లేదు.

వోల్టులు వేసి చూడండి

ఎన్‌ఏడీహెచ్ మైనస్ 0.32 వోల్టులు, ఆక్సిజన్ ప్లస్ 0.82. తేడా 1.14. దీన్ని రెండు ఎలక్ట్రాన్లతో, ఫారడే స్థిరాంకం (ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం) 96.5తో గుణించండి. మోల్‌కు 220 కిలోజౌళ్లు. పది ఎన్‌ఏడీహెచ్‌లకు 2200. గ్లూకోజ్ మొత్తంగా ఆక్సీకరణ చెందితే అందే స్వేచ్ఛా శక్తి సుమారు 2870. అంటే క్రెబ్స్ వలయం ముగిసేసరికి గ్లూకోజ్ శక్తిలో నాలుగింట మూడు వంతులు ఎన్‌ఏడీహెచ్‌ల మీదే ఉంది, ఏటీపీగా మారింది నామమాత్రం.

ఆ 220 కిలోజౌళ్లనూ ఒక్క దెబ్బన ఆక్సిజన్‌కు అప్పగిస్తే వేడి పుడుతుంది, అంతే. కణంలో శ్వాసక్రియ జరిగే భాగాలైన మైటోకాండ్రియా లోపలి పొరలో ఉన్న ప్రోటీన్ల వరుస ఎలక్ట్రాన్లను మెట్టుమెట్టుగా దించుతూ, ఒక్కో దిగుడులో వచ్చిన శక్తితో ప్రోటాన్లను (హైడ్రోజన్ అయాన్లను) పొరకు అవతలి వైపుకు తోస్తుంది. పొరకు అటూ ఇటూ దాదాపు 0.15 వోల్టుల తేడా వస్తుంది. చిన్నదే అనిపిస్తుంది. కానీ ఆ పొర మందం 5 నానోమీటర్లు. మీటరు లెక్కకు మార్చండి, 3 కోట్ల వోల్టులు.

ఏటీపీ తయారీకి ఈ ప్రోటాన్ల తేడాయే మూలమని 1961లో పీటర్ మిచెల్ చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. 1966లో ఆండ్రే జాగెండార్ఫ్, అర్నెస్ట్ ఉరిబే చేసిన ప్రయోగం నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. హరితరేణువుల (ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ జరిగే భాగాలు) లోపలి పొరల్ని పీహెచ్ 4 ఉన్న ఆమ్లంలో నానబెట్టారు (పీహెచ్ తక్కువైతే ప్రోటాన్లు ఎక్కువ). తర్వాత చప్పున పీహెచ్ 8కి మార్చి, ఏటీపీకి ముడిసరుకులైన ఏడీపీ, ఫాస్ఫేట్ అందించారు. ఇదంతా చీకట్లో. వెలుతురు లేదు, ఎలక్ట్రాన్ల ప్రవాహం లేదు, పొరకు లోపలా బయటా ప్రోటాన్ల తేడా ఒక్కటే ఉంది. ఏటీపీ వచ్చింది. మిచెల్‌కు 1978లో నోబెల్ ఇచ్చారు.

ప్రోటాన్లు వెనక్కి వచ్చే దారిలో ఏటీపీని తయారుచేసే ఏటీపీ సింథేజ్ ఉంటుంది. అది నిజంగా తిరిగే యంత్రం. జంతువుల మైటోకాండ్రియాలో ఒక చుట్టుకు 8 ప్రోటాన్లు, ఒక చుట్టుకు 3 ఏటీపీలు. భాగిస్తే ఏటీపీకి 2.7. ఫాస్ఫేట్‌ను లోపలికి తేవడానికీ, తయారైన ఏటీపీని బయటికి పంపి ఏడీపీని తెచ్చుకోవడానికీ కలిపి ఇంకో ప్రోటాన్ ఖర్చు. మొత్తం నాలుగు అనుకోండి. ఒక ఎన్‌ఏడీహెచ్ 10 ప్రోటాన్లను తోస్తుంది కాబట్టి 2.5 ఏటీపీ. ఎఫ్‌ఏడీహెచ్2 ఆరింటిని తోస్తుంది కాబట్టి 1.5.

కూడండి. పది ఎన్‌ఏడీహెచ్‌లకు 25, రెండు ఎఫ్‌ఏడీహెచ్2లకు 3, గ్లైకాలసిస్‌లో నికరంగా 2, క్రెబ్స్ వలయంలో 2. మొత్తం 32. గ్లైకాలసిస్ ఎన్‌ఏడీహెచ్‌లు మైటోకాండ్రియా లోపలికి నేరుగా పోలేవు. ఎలక్ట్రాన్లు గ్లిసరాల్ ఫాస్ఫేట్ దారిన వెళ్తే ఒక్కోదానికి 1.5 చొప్పునే వస్తుంది, మొత్తం 30కి దిగుతుంది. పాత పుస్తకాల్లోని 38, 36 అంకెలు ఎన్‌ఏడీహెచ్‌కు 3, ఎఫ్‌ఏడీహెచ్2కు 2 అని పూర్ణాంకాలతో గుణించడం వల్ల వచ్చినవి. పరీక్ష కోసం మీ పాఠ్యపుస్తకం ఏది చెబితే అది రాయండి, కానీ 32 ఎలా వస్తుందో చేత్తో వేసి తెలుసుకోండి.

ఏటీపీ నిల్వ కాదు

బంధంలో శక్తి దాగి ఉంటుందని, తెగితే బయటికి వస్తుందని పుస్తకాల్లో కనబడితే దాన్ని నమ్మవద్దని గట్టిగా చెబుతాను. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి ఖర్చు పెట్టాల్సిందే. ఏటీపీ విడిపోతే శక్తి రావడానికి కారణం, విడిపోయాక మిగిలేవి మరింత స్థిరమైనవి కావడం: పక్కపక్కన ఉన్న రుణావేశాల తోపులాట తగ్గుతుంది, విడివడిన ఫాస్ఫేట్ స్థిరపడుతుంది, నీటి అణువులు చుట్టూ చేరతాయి. ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కు 30.5 కిలోజౌళ్లు. కణంలో ఏడీపీతో పోలిస్తే ఏటీపీ చాలా ఎక్కువగా ఉండేలా నిరంతరం నిలబెట్టడం జరుగుతుంది కాబట్టి అక్కడ సుమారు 50. నిలబెట్టేది ఆ మైటోకాండ్రియాయే.

ఒక చిన్న లెక్క. మనిషి రోజుకు 8400 కిలోజౌళ్లు ఖర్చు చేస్తే, గ్లూకోజ్‌గా లెక్కిస్తే సుమారు 3 మోల్‌లు. మోల్‌కు 30 చొప్పున 90 మోల్‌ల ఏటీపీ. ఏటీపీ అణుభారం 507. గుణిస్తే 45 కిలోలు! ఒంట్లో ఏ క్షణాన చూసినా పావు కిలోకు మించి ఏటీపీ ఉండదు. అంటే అదే అణువు రోజుకు వందలసార్లు విడిపోయి మళ్లీ కూడుకుంటోంది.

ఈ అణువును 1929లో అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, మన యల్లాప్రగడ సుబ్బారావు, జర్మనీలో కార్ల్ లోమన్ విడివిడిగా కనుగొన్నారు. అంతకు రెండేళ్ల ముందే ఫిస్కే, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు. కండరం సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే శక్తినిస్తుందన్న అప్పటి నమ్మకం ఈ కొత్త ఆధారాలతో నిలవలేకపోయింది. ఫాస్ఫోక్రియాటిన్ కండరంలో తొలి కొద్ది సెకన్ల పరుగుకు ఏటీపీని నింపి పెడుతుంది. పిల్లలకు ఆయన పేరు చెప్పకుండా నేను ఈ పాఠం దాటను.

ప్రోటీన్, వెలుతురు

అమైనో ఆమ్లాల్లో నైట్రోజన్ ఉంటుంది. అది అమ్మోనియాగా పోతుంది కాబట్టి ప్రతి నైట్రోజన్‌కూ 3 తీసేయండి. అలనిన్: 3 కార్బన్లు, 7 హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, 2 ఆక్సిజన్లు. 12 కలపండి 7, తీసేయండి 4, తీసేయండి 3. అంకె 12. నైట్రోజన్ పోయాక మిగిలేది పైరువిక్ ఆమ్లం, 10. తగ్గిన రెండూ ఒక వాహకం మీదికెక్కాయి. అమ్మోనియాను యూరియాగా మార్చడానికి ఒక్కో యూరియాకు నాలుగు ఏటీపీల విలువైన ఖర్చు అవుతుంది. ప్రోటీన్ ఇంధనంగా లాభసాటి కాకపోవడానికి అదొక కారణం. కేంద్రకామ్లాలను కణం ఇంధనంగా చూడదు, వాటి పని సమాచారం. అయితే ఆర్‌ఎన్‌ఏలోని అడినిన్, రైబోజ్, ఫాస్ఫేట్లే ఏటీపీలోనూ ఉన్నాయని గమనించండి.

కిరణజన్య సంయోగక్రియకు కాగితాన్ని తలకిందులు చేయండి. కింద కార్బన్ డయాక్సైడ్ సున్నా, పైన గ్లూకోజ్ 24. ఆ 24 ఎక్కడి నుంచి? నీటి నుంచి. నీటి అంకె సున్నాయే, కానీ రెండు నీటి అణువుల నుంచి నాలుగు ఎలక్ట్రాన్లు బలవంతంగా లాగితే మిగిలేది మైనస్ 4 అంకె ఉన్న ఆక్సిజన్. అలా లాగడానికే వెలుతురు కావాలి. విడుదలయ్యే ఆక్సిజన్ నీటిదేనని 1941లో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్ బరువైన ఆక్సిజన్ ఐసోటోపుతో చూపించారు. ఒక గ్లూకోజ్‌కు 12 ఎన్‌ఏడీపీహెచ్‌లు (ఎన్‌ఏడీహెచ్ లాంటి వాహకాలే) కావాలి, రెండేసి చొప్పున సరిగ్గా 24. వీటికి తోడు 18 ఏటీపీలు. ఒక్కో ఎలక్ట్రాన్‌ను రెండుసార్లు ఎత్తాలి కాబట్టి కనీసం 48 ఫోటాన్లు (వెలుతురు కణాలు).

ఇక మీరే వేయండి. కొవ్వులోంచి విడిపోయే గ్లిసరాల్‌లో 3 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లు. దాని అంకె ఎంత? అది పైరువిక్ ఆమ్లం అయ్యేలోపు ఎన్ని వాహకాలు నిండుతాయి? 14, రెండు అని వస్తే, స్టియరిక్ ఆమ్లానికి వెళ్లండి: 18 కార్బన్లు, 36 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు. ఎన్ని ఆక్సిజన్ అణువులు కావాలో చెప్పండి. 26 రావాలి.